సామాజిక తత్వశాస్త్రాన్ని పద్ధతిగా చదవడం ఎలా? ప్రశ్న నుంచి సొంత వాదం వరకు దశలవారీ మార్గదర్శి

సామాజిక తత్వశాస్త్రం చదవాలని ఉంది, ఎవరితో మొదలుపెట్టమంటారు? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. అడిగేవారిలో ఎక్కువమంది అప్పటికే ఒకసారి ప్రయత్నించి, ఏదో ఒక పెద్ద గ్రంథంలో అరవయ్యో పేజీ దగ్గర ఆగిపోయినవారే. చింతకుల పేర్లు వారికి తెలుసు. ఏ పని తరువాత ఏ పని చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

"ఎవరితో మొదలుపెట్టాలి" అనే మాటను "ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలి" అని మార్చుకోమన్నదే నా ప్రధాన సూచన. కింది దశలన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి కనుక వాటిని ఇదే వరుసలో పాటించమని కోరుతున్నాను.

1. చదువుకు ముందు సిద్ధం చేసుకోవలసినవి

మొదటి నెలలో ఏ గ్రంథాన్నీ పూర్తిగా చదవాలని పెట్టుకోవద్దు. ఆంగ్ల తత్వవేత్త థామస్ హాబ్స్ 1651లో ప్రచురించిన "లెవయతన్"ను మొదటి పేజీ నుంచి చివరి వరకు చదవబోయేవారు మానవ ఇంద్రియాల గురించిన తొలి అధ్యాయాలలోనే అలసిపోతారు. సమాజం, రాజ్యం గురించి ఆయన వాదం 13వ అధ్యాయంలో ఊపందుకుంటుంది. అక్కడి నుంచి 18వ అధ్యాయం వరకు చదివితే తొలి విడతకు సరిపోతుంది.

ఒక నోటుపుస్తకం తీసుకుని ప్రతి ఎదురెదురు పేజీల జంటలో ఎడమ పేజీని రచయిత మాటకు, కుడి పేజీని మీ మాటకు కేటాయించండి. ఈ రెండూ కలిసిపోతే నెల తరువాత తిరిగి చూసినప్పుడు ఏ ఆలోచన ఎవరిదో గుర్తుపట్టలేరు. నేను తొలి రెండేళ్లు రాసుకున్న నోట్సును ఈ కారణంగానే తిరిగి వాడుకోలేకపోయాను.

చదువు మొదలుపెట్టే ముందు ఇవి ఉన్నాయో లేదో సరిచూసుకోండి:

- ఒకే వాక్యంలో, ప్రశ్నార్థకంగా రాసుకున్న ఒక ప్రశ్న
- ఆ ప్రశ్నకు భిన్నమైన సమాధానాలిచ్చే రెండు మూల రచనల భాగాలు, ఒక్కొక్కటి 20 నుంచి 50 పేజీల లోపు
- ప్రతి భాగాన్ని రెండుసార్లు చదవడానికి చాలినంత సమయం
- సందేహం వచ్చిన పదాలను విడిగా రాసుకోవడానికి నోటుపుస్తకం చివర నాలుగు పేజీలు

పరిచయ గ్రంథాలు, వ్యాఖ్యానాలు ఈ జాబితాలో లేకపోవడానికి కారణముంది. వాటిని మూలం తరువాత చదివితే మేలు చేస్తాయి. ముందే చదివితే మూలంలో మన కంటికి వ్యాఖ్యాత చూపించినదే కనిపిస్తుంది.

2. ప్రశ్నను ఎంచుకోవడం

మిమ్మల్ని నిజంగా ఇబ్బంది పెడుతున్న ప్రశ్ననే తీసుకోండి. సామాజిక తత్వశాస్త్రంలో చర్చలన్నీ కొద్దిపాటి మూల ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. ఏ ప్రశ్నకు ఎవరి దగ్గరికి వెళ్లవచ్చో ఇక్కడ ఇస్తున్నాను.

- నాపై ఆజ్ఞాపించే హక్కు ఎవరికైనా ఎందుకుండాలి? హాబ్స్, జాన్ లాక్, రూసో, డేవిడ్ హ్యూమ్, మాక్స్ వెబర్.
- సమాజం వ్యక్తి జీవితంలో ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చు? జాన్ స్టువర్ట్ మిల్ 1859లో రాసిన "ఆన్ లిబర్టీ", ఐజయా బెర్లిన్ 1958 నాటి ఉపన్యాసం.
- సంపదను, అవకాశాలను ఎలా పంచుకోవాలి? జాన్ రాల్స్, రాబర్ట్ నోజిక్, అమర్త్య సేన్.
- పైకి బలప్రయోగం కనిపించని చోట కూడా పెత్తనం ఎలా నడుస్తుంది? మార్క్స్, మిషెల్ ఫూకో, స్టీవెన్ లూక్స్.
- నేను ఇలా ఉండడంలో సమాజం పాలు ఎంత? దుర్ఖీమ్, సిమోన్ ద బోవార్.

ఒక ప్రశ్నతో కనీసం ఆరు వారాలు గడపండి. మధ్యలో మరో ప్రశ్న ఆకర్షిస్తే దాన్ని చివరి పేజీలలో రాసిపెట్టుకుని, చేతిలో ఉన్నదాన్నే కొనసాగించండి.

3. మాటలను విడదీయడం

చాలామంది దాటవేసే దశ ఇదే. నా అనుభవంలో, ఈ దశకు వెచ్చించిన గంట తరువాతి పది గంటల గందరగోళాన్ని తప్పిస్తుంది.

ముందుగా "అధికారం" అనే మాటను చూడండి. తెలుగులో ఈ ఒక్క మాట కింద కనీసం మూడు సంగతులు చేరిపోతాయి: ఇతరుల చేత పని చేయించగల శక్తి, ఆజ్ఞాపించడానికి జనం ఒప్పుకున్న హక్కు, కొందరి మీద కొందరికి స్థిరపడిపోయిన పెత్తనం. వెబర్ సంప్రదాయం, నాయకుడి వ్యక్తిగత ఆకర్షణ, చట్టం అనే మూడు ఆధారాలను వివరించినప్పుడు మాట్లాడుతున్నది రెండో అర్థం గురించి. హన్నా ఆరెంట్ అయితే జనం కలిసి పనిచేసినప్పుడు వారి మధ్య పుట్టే శక్తినే అసలైన అధికారమని, హింస దానికి భిన్నమైన సాధనం మాత్రమేనని వాదించారు. ఈ ఇద్దరూ విభేదిస్తున్నారని నిర్ణయించే ముందు, వారు ఒకే సంగతి గురించి మాట్లాడుతున్నారా అని చూడాలి.

దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. వాక్యంలో "అధికారం" ఉన్న చోట "పెత్తనం" అని పెట్టి చదవండి. అర్థం చెడిపోతే అక్కడ రచయిత ఉద్దేశించినది వేరే అధికారం.

"స్వేచ్ఛ" విషయంలో జెరల్డ్ మెకల్లమ్ 1967లో సూచించిన పద్ధతి ఎంతో ఉపకరిస్తుంది. స్వేచ్ఛ గురించిన ప్రతి మాటలోనూ మూడు ఖాళీలుంటాయని ఆయన వాదన: ఎవరికి, ఏ అడ్డంకి నుంచి, ఏం చేయడానికి లేదా ఎలా ఉండడానికి. "ఉద్యోగికి పని మానుకునే స్వేచ్ఛ ఉంది" అనే వాక్యాన్ని తీసుకోండి. అడ్డంకి అంటే చట్టపరమైన నిషేధం అయితే ఆ మాట నిజం. మానేస్తే పూట గడవని పరిస్థితిని కూడా అడ్డంకిగా లెక్కిస్తే అదే మాట అబద్ధమవుతుంది. వాదిస్తున్న ఇద్దరూ రెండో ఖాళీని వేర్వేరుగా నింపారని అప్పుడు తెలుస్తుంది.

"సమానత్వం" కూడా ఇటువంటిదే. దేనిలో సమానత్వం అని అమర్త్య సేన్ 1979లో ఒక ఉపన్యాసంలో అడిగారు. ఇద్దరికి సమానమైన ఆదాయం ఉన్నా, వారిలో ఒకరు వైకల్యం వల్ల కదలడానికే అదనంగా ఖర్చుపెట్టవలసి వస్తే, ఆదాయంలోని సమానత్వం జీవితంలోని సమానత్వం కాలేదు. మేము కొందరం కలిసి చదువుకుంటున్నప్పుడు రెండు సాయంత్రాలు సమానత్వం మీద తీవ్రంగా వాదించుకున్నాం. మూడో సాయంత్రం ఒకరు బోర్డు మీద "దేనిలో?" అని రాసి, ఎవరి సమాధానం వారిని రాయమన్నారు. ఆరుగురం నాలుగు వేర్వేరు సమాధానాలు రాశాం. అసలు చర్చ అప్పుడు మొదలైంది.

4. వాదపు చట్రాన్ని పట్టుకోవడం

మొదటిసారి చదివేటప్పుడు అంగీకారం, అభ్యంతరం రెండింటినీ పక్కన పెట్టి, ఎడమ పేజీలో నాలుగు వరుసలు మాత్రమే నింపండి:

- రచయిత అడుగుతున్న ప్రశ్న ఏమిటి?
- ఆయన లేదా ఆమె తేల్చిన మాట ఏమిటి?
- దానికి చూపిన కారణాలు ఏవి?
- పైకి చెప్పకుండా ముందే నిజమని తీసుకున్నది ఏమిటి?

రూసో 1762లో ప్రచురించిన "సామాజిక ఒప్పందం"తో దీన్ని చేసి చూద్దాం. "మనిషి స్వేచ్ఛగా పుట్టాడు, కానీ ఎక్కడ చూసినా సంకెళ్లలోనే ఉన్నాడు" అనే మాటను ఎందరో నినాదంగా వాడుతుంటారు. ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగితే రూసో సంకెళ్లను తెంచమంటున్నాడని అనిపిస్తుంది. తరువాతి ఐదు వాక్యాలు చదవండి. ఇతరులకు యజమానినని అనుకునేవాడు వారికన్నా ఎక్కువ బానిస అంటాడు. ఈ మార్పు ఎలా వచ్చిందని తనను తానే ప్రశ్నించుకుని, తెలియదంటాడు. దీన్ని న్యాయసమ్మతం చేయగలిగేది ఏమిటని అడిగి, దానికి సమాధానం చెప్పగలనని అనుకుంటున్నానంటాడు.

కనుక ఆ పుస్తకపు ప్రశ్న కట్టుబాటు ఎప్పుడు న్యాయమవుతుందన్నది. మొదటి భాగం ఆరో అధ్యాయంలో దాన్ని మరింత బిగించి అడుగుతాడు: అందరి ఉమ్మడి బలంతో ప్రతి ఒక్కరి ప్రాణాన్నీ ఆస్తినీ కాపాడుతూనే, ప్రతి ఒక్కరూ తమ మాటకే తాము లోబడి, మునుపటంత స్వేచ్ఛగా మిగిలే కలయిక ఏది? ఈ ప్రశ్న చేతిలో ఉంటే తరువాత వచ్చే సమష్టి సంకల్పం అనే కఠినమైన భావన ఎందుకు అవసరపడిందో తెలుస్తుంది. ప్రశ్న తెలియకుండా ఆ భావన దగ్గరకు వస్తే అది మెజారిటీ అభిప్రాయానికి మరో పేరులా కనిపిస్తుంది. అయితే విడివిడి కోరికల మొత్తాన్ని, అందరి ఉమ్మడి మేలును కోరే ఈ సంకల్పాన్ని రూసో స్పష్టంగా వేరు చేశాడు.

చట్రం రాసేటప్పుడు నాలుగో వరుస దగ్గర ఎక్కువసేపు ఉండండి. విమర్శకు దారి చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

5. ఉన్నదానిని, ఉండవలసినదానిని వేరు చేయడం

ప్రతి ముఖ్య వాక్యం పక్కన "ఉన్నది" అనో "ఉండాలి" అనో గుర్తు పెట్టుకోండి. ఒక నిర్దిష్ట భూభాగంలో న్యాయసమ్మతమైన బలప్రయోగం తనకే చెందుతుందని చెప్పుకుని దాన్ని నెగ్గించుకునే వ్యవస్థే రాజ్యమని వెబర్ 1919లో అన్నప్పుడు, అది నిర్వచనం. ప్రశంసగా చదివితే పొరపాటు. రాల్స్ చెప్పినది మాత్రం సంస్థలు ఎలా ఉండాలన్న సంగతి.

"ఉంది" నుంచి "ఉండాలి"కి ఎప్పుడు దూకారో చెప్పకుండానే రచయితలు దాటిపోతుంటారని హ్యూమ్ గమనించాడు. ఆ దాటు దగ్గర పెన్సిలుతో గీత పెట్టండి.

6. ఉదాహరణలను నెమ్మదిగా చదవడం

తొందరలో ఉన్న పాఠకుడు ఉదాహరణలను వదిలేసి సూత్రాన్ని గుర్తుపెట్టుకుంటాడు. అయితే సూత్రం హద్దులు తెలిసేది ఉదాహరణలోనే.

ఇతరులకు హాని కలగకుండా ఆపడానికి మాత్రమే ఒకరిపై వారి ఇష్టానికి విరుద్ధంగా బలాన్ని ప్రయోగించవచ్చునన్నది మిల్ చెప్పిన హాని సూత్రం. ఇది చదివి, మాట మీద ఏ అదుపూ ఉండకూడదన్నది మిల్ అభిప్రాయమని చాలామంది అనుకుంటారు. ఆయన మూడో అధ్యాయం ఆరంభంలో ధాన్యం వ్యాపారి ఉదాహరణ ఉంది. ధాన్యం వ్యాపారులు పేదల కడుపు కొడుతున్నారని పత్రికలో రాస్తే దాని జోలికి పోకూడదు. అదే మాటను వ్యాపారి ఇంటి ముందు గుమిగూడిన, ఆవేశంతో ఉన్న గుంపు ఎదుట చెబితే శిక్షించవచ్చు. మాట మారలేదు, చెప్పిన చోటు మారింది.

ఇప్పుడు కుడి పేజీలో మీ పని: రెండు పరిస్థితుల మధ్య ఏ తేడా తీర్పును మార్చిందో ఒక వాక్యంలో రాయండి. గుంపు సంఖ్యా, ఆవేశమా, ఇంటికి దగ్గరగా ఉండడమా, ఆలోచించుకునే వ్యవధి లేకపోవడమా? ఒక్కొక్కదాన్ని మార్చి, తీర్పు నిలుస్తుందో లేదో చూడండి. ఈ అభ్యాసం చేసిన తరువాత హాని సూత్రాన్ని గుర్తుపెట్టుకోవడానికి వేరే శ్రమ అక్కరలేదు.

7. ప్రత్యర్థిని పక్కన పెట్టుకుని చదవడం

ఒక చింతకుడిని ఒంటరిగా చదివితే ఆయన చెప్పినదంతా నిజమనిపిస్తుంది. అందుకే జంటగా చదవాలి. నేను అందరికీ ముందుగా సూచించే జంట లాక్, హ్యూమ్.

పాలకుడికి లోబడే బాధ్యత మన సమ్మతి నుంచి వస్తుందని లాక్ వాదన. మనలో ఎవరూ సంతకం చేయలేదు కదా అంటే, మౌన సమ్మతి ఉందంటాడు: ఒక రాజ్యంలో ఆస్తి అనుభవించేవాడు, చివరికి అక్కడి రహదారి మీద స్వేచ్ఛగా ప్రయాణించేవాడు కూడా సమ్మతించినట్లే. హ్యూమ్ 1748లో దీనికి ఒక పోలికతో బదులిచ్చాడు. నిద్రలో ఉండగా ఒకరిని ఓడ ఎక్కించారు. మెలకువ వచ్చేసరికి చుట్టూ సముద్రం, దూకితే చావు. దూకకుండా ఓడలో ఉన్నాడు కనుక కెప్టెన్ అధికారానికి సమ్మతించాడని అనగలమా?

ఇక్కడ హ్యూమ్ గెలిచాడని వెంటనే రాసేయవద్దు. లాక్ పక్షాన నిలబడి మీకు తోచిన అతి బలమైన జవాబును రాయండి. వెళ్లిపోవడానికి నిజమైన దారి ఉన్నవారి విషయంలో మౌన సమ్మతి నిలబడుతుందా? దానికయ్యే ఖర్చు ఎంత లోపు ఉంటే అది నిజమైన దారి అవుతుంది? ఈ రెండు ప్రశ్నలూ మిమ్మల్ని ఇద్దరికన్నా ముందుకు తీసుకువెళతాయి.

రెండో జంట రాల్స్, నోజిక్. సమాజపు నియమాలను ఎంచుకునేవారికి తమ వర్గం, ప్రతిభ, జీవిత లక్ష్యాలు తెలియకుండా అజ్ఞానపు తెర వేస్తే ఏ నియమాలు ఎంచుకుంటారని రాల్స్ 1971లో అడిగారు. మౌలిక స్వేచ్ఛలు అందరికీ సమానంగా ఉండాలని, అసమానతలు న్యాయమైన అవకాశ సమానత్వంతో ముడిపడి అట్టడుగున ఉన్నవారికి అత్యధిక మేలు చేసినప్పుడే చెల్లుతాయని ఆయన తేల్చారు. 1974లో నోజిక్ దీన్ని ఎదుర్కొన్నారు. మీకు న్యాయమనిపించిన పంపకంతోనే మొదలుపెట్టండి, పది లక్షల మంది ప్రేక్షకులు బాస్కెట్‌బాల్ ఆటగాడు విల్ట్ చాంబర్లేన్ ఆట చూడడానికి తలా 25 సెంట్లు ఇష్టపూర్వకంగా ఇచ్చారనుకోండి, ఆయన చేతికి రెండున్నర లక్షల డాలర్లు వస్తాయి. కొత్త పంపకంలో అన్యాయం ఎక్కడుంది అని అడిగారు.

రాల్స్ తరఫున జవాబు వెతికేవారు ఒక మాట గమనించాలి. రాల్స్ దృష్టి ఒక్కొక్క లావాదేవీ మీద లేదు, లావాదేవీలు జరిగే మౌలిక వ్యవస్థ మీద ఉంది. ఈ తేడా తెలియకపోతే ఇద్దరూ ఒకరి పక్క నుంచి ఒకరు మాట్లాడుకుంటున్నట్లుంటుంది.

8. ఎవరు లెక్కలో లేరో అడగడం

చట్రం, ఉదాహరణ, ప్రత్యర్థి అయ్యాక మాత్రమే ఈ ప్రశ్న వేయండి. ముందే వేస్తే చదవకుండానే తోసిపుచ్చే అలవాటు వస్తుంది. అసలు వేయకపోతే చదువు సగంలో ఆగినట్లే.

రాజ్యం జనం చేసుకున్న ఒప్పందం మీద నిలబడిందనే ఒప్పంద సిద్ధాంతంలో ఆ ఒప్పందం చేసుకున్నది ఎవరు? కేరొల్ పేట్‌మన్ 1988లో స్త్రీల వైపు నుంచి, చార్ల్స్ మిల్స్ 1997లో జాతి వివక్ష వైపు నుంచి ఈ ప్రశ్న వేశారు. శ్రమ విభజన ఆధునిక సమాజాన్ని కలిపి ఉంచగలదని దుర్ఖీమ్ 1893లో వాదించారు. కుల వ్యవస్థను శ్రమ విభజనగా సమర్థించేవారికి అంబేడ్కర్ 1936లో "కుల నిర్మూలన"లో ఇచ్చిన జవాబును దాని పక్కన పెట్టి చదవండి: అది శ్రమను మాత్రమే విభజించదు, శ్రామికులనే విభజిస్తుంది. ఒకే పదం కింద రెండు వేర్వేరు ఏర్పాట్లు దాగి ఉండగలవని ఇంత సూటిగా చూపిన వాక్యాలు అరుదు.

9. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

హాబ్స్ ప్రకృతి స్థితిని, అంటే అందరినీ అదుపులో ఉంచే ప్రభుత్వం లేని స్థితిని, చరిత్రగా చదవడం. ప్రపంచమంతటా ఎప్పుడూ అలా ఉండి ఉండదని ఆయనే రాశాడు. ఉమ్మడి అధికారం తొలగిపోతే ఏం జరుగుతుందనే ఊహా పరీక్షగా చదవండి. అంతర్యుద్ధం చూసిన కాలంలో రాశాడని గుర్తుంచుకోండి.

మార్క్స్ పరాయీకరణను మనోవేదనగా అర్థం చేసుకోవడం. 1844 రాతప్రతులలో ఆయన చెప్పింది నాలుగు తెగిపోయిన సంబంధాల గురించి: తయారుచేసిన వస్తువుతో, పని చేసే క్రియతో, మానవ స్వభావంతో, తోటి మనుషులతో. సంతోషంగా పనిచేసే వ్యక్తి కూడా ఈ అర్థంలో పరాయీకరణకు లోనై ఉండవచ్చు.

దుర్ఖీమ్ సామాజిక వాస్తవం అన్నది జనాభా లెక్కల వంటి సమాచారమనుకోవడం. వ్యక్తికి వెలుపల ఉండి అతనిపై ఒత్తిడి తెచ్చే ఆచరణ రీతులను ఆయన ఆ పేరుతో పిలిచారు. తోటివారితో ఫలానా భాషలోనే మాట్లాడమని ఎవరూ బలవంతపెట్టరు, అయినా మరోలా మాట్లాడలేం.

ఫూకో అధికారాన్ని పూర్తిగా చెడ్డదని చదవడం. అధికారం అణచడమే కాక జ్ఞానాన్ని, అలవాట్లను, ఒక రకం మనుషులను తయారుచేస్తుందని 1975 నాటి గ్రంథంలో ఆయన వాదన. "ఇక్కడ ఏది తయారవుతోంది?" అని అడిగి చదవండి.

10. సొంత పేజీ రాయడం

ఆరో వారంలో ఒకే ఒక్క పేజీ రాయండి. మొదటి పేరాలో మీ ప్రశ్న, రెండో పేరాలో ఒక చింతకుడి సమాధానం, మూడో పేరాలో ప్రత్యర్థి అభ్యంతరం, నాలుగో పేరాలో మీరు ఎటు మొగ్గారో, ఎందుకో ఉండాలి. ఉల్లేఖన ఒక్కటి మించకూడదు. రాసిన తరువాత ఒక రోజు పక్కన పెట్టి, ఈ జాబితాతో సరిచూడండి:

- ముఖ్య పదానికి నా అర్థం స్పష్టంగా చెప్పానా?
- రెండో పేరాను ఆ చింతకుడే చదివితే "నేను చెప్పింది ఇదే" అంటాడా?
- ప్రత్యర్థి అభ్యంతరాన్ని దాని బలమైన రూపంలో ఇచ్చానా?
- "ఉంది" నుంచి "ఉండాలి"కి వెళ్లిన చోట కారణం చూపానా?
- నా అభిప్రాయాన్ని మార్చగలిగే ఉదాహరణ ఏదో రాశానా?

చివరి గడి ఖాళీగా ఉంటే పేజీ ఇంకా పూర్తికాలేదు. ఏడో దశకు వెళ్లి ప్రత్యర్థి భాగాన్ని మరోసారి చదివి, నాలుగో పేరాను మాత్రం తిరిగి రాయండి.